కొత్త మందుకు ఘన రూపం ఎంపిక, స్ఫటికీకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

పరిశోధనశాలలో కొత్తగా చేరిన వారు, ఫార్ములేషన్ విభాగంలోని మిత్రులు, ప్లాంటులో బ్యాచ్ నడిపే ఇంజనీర్లు ఏళ్ల తరబడి నన్ను అడుగుతున్న సందేహాలు దాదాపు ఒకటే. ఒక్కొక్కరికి విడిగా రాసి పంపిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. పని నడిచే క్రమంలో పెట్టాను కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఏ జవాబుకు ఆ జవాబే సరిపోతుంది.

## మొదలుపెట్టే ముందు

అణువు ఒకటే అయినప్పుడు పొడి ఏ రూపంలో ఉంటే ఏమిటి?

అణువు మారదు, అణువులు ఒకదాని పక్కన ఒకటి సర్దుకునే తీరు మారుతుంది. దానితో పాటే కరిగే ఉష్ణోగ్రత, నీటిలో కరిగే వేగం, తేమ పీల్చే గుణం, మాత్రగా ఒత్తినప్పుడు నిలిచే గట్టిదనం మారిపోతాయి. మన ఇళ్లన్నిటిలో ఉండే పారాసిటమాల్‌నే చూడండి. మామూలుగా దొరికే మొదటి రూపాన్ని ఏమీ కలపకుండా ఒత్తితే మాత్ర పెచ్చులుగా ఊడిపోతుంది. రెండో రూపంలో అణువులు పొరలు పొరలుగా ఉండి ఒకదాని మీద ఒకటి జారతాయి, అందుకే అది చక్కగా ఒత్తుకుంటుంది. కంటికి కనిపించే ఉదాహరణ కావాలంటే రాయ్ అనే పొట్టి పేరుతో పిలిచే సమ్మేళనం ఉంది. ఒకే అణువు ఒక రూపంలో ఎర్రగా, ఇంకొక రూపంలో నారింజ రంగులో, మరొక రూపంలో పసుపుగా ఉంటుంది. దానికి ఇప్పటికే 10కి పైగా రూపాలు దొరికాయి.

పాలిమార్ఫ్, హైడ్రేట్, సాల్ట్, కోక్రిస్టల్... ఈ పేర్లన్నీ నాకు కలగాపులగంగా ఉన్నాయి. తేలికగా చెప్పగలరా?

ఆ స్ఫటికంలో ఎవరెవరు ఉన్నారో ముందు చూడండి. మందు అణువులు మాత్రమే ఉండి, వేర్వేరు తీరుల్లో సర్దుకుంటే అవి పాలిమార్ఫ్‌లు, అంటే బహురూపాలు. మందుతో పాటు నీరు కూడా స్ఫటికంలో చోటు సంపాదిస్తే హైడ్రేట్, మిథనాల్ లాంటి ద్రావణి చేరితే సాల్వేట్. మందుకూ, దానితో కలిపిన ఆమ్లానికో క్షారానికో మధ్య ప్రోటాన్ చేతులు మారితే సాల్ట్. ప్రోటాన్ కదలకుండా, ఎక్కువగా హైడ్రోజన్ బంధాలతో రెండు పదార్థాలు ఒకే స్ఫటికంలో కుదురుకుంటే కోక్రిస్టల్. ఏ క్రమమూ లేకుండా అణువులు పడి ఉంటే అమార్ఫస్.

అందరూ రిటోనవిర్ కథ చెబుతారు. అసలు అక్కడ జరిగింది ఏమిటి?

హెచ్‌ఐవీకి వాడే రిటోనవిర్‌ను అబాట్ సంస్థ 1996లో మార్కెట్టులోకి తెచ్చింది. మందు ఘన స్థితిలో శరీరానికి సరిగా అందదు కాబట్టి క్యాప్సూల్‌లో దానిని ఆల్కహాల్, నీరు ఉన్న ద్రావణంగా కరిగించి నింపారు. మందు ఎలాగూ కరిగే ఉంటుంది, ఇక స్ఫటిక రూపంతో పని ఏముంది అనుకోవడం ఆనాటికి సహజమే. అభివృద్ధి కాలమంతా ఒకే ఒక్క రూపం కనిపించింది. దాదాపు 240 లాట్లు ఏ ఇబ్బందీ లేకుండా తయారయ్యాయి.

1998లో కొన్ని లాట్ల క్యాప్సూల్‌లు కరిగే పరీక్షలో తప్పాయి. విప్పి చూస్తే లోపల అంతవరకు ఎవరూ చూడని రెండో రూపం దిగి ఉంది. అది మొదటి దానికంటే స్థిరమైనది, చాలా తక్కువగా కరిగేది. మొదటి రూపాన్ని పూర్తిగా కరిగించి ఉంచిన ద్రావణం రెండో రూపం లెక్కలో అతిసంతృప్తం, అంటే కరగగలిగిన దానికంటే ఎక్కువ మందు అందులో ఉంది. ఒక్క స్ఫటికం పుడితే చాలు, మిగిలినదంతా దాని వెంట దిగిపోతుంది. క్యాప్సూల్‌ను మార్కెట్టు నుంచి తీసేయవలసి వచ్చింది, రోగులను కొంతకాలం ద్రవ మందుకు మార్చారు. నేను ఈ కథలో ఎప్పుడూ ఆగిపోయేది 240 అనే అంకె దగ్గర. అన్ని లాట్లు ఒకేలా రావడం ఆ రూపం స్థిరమైనదని రుజువు చేయలేదు.

చేతిలో రెండు గ్రాములే ఉన్నాయి. ఘన రూపం పని ఇప్పుడే మొదలుపెట్టాలా, అణువు ఖరారయ్యాక చూడవచ్చా?

ఇప్పుడే మొదలుపెట్టండి, చిన్నగా. రెండు గ్రాములతో కూడా పది పన్నెండు ద్రావణుల్లో స్లర్రీలు (పొడి పూర్తిగా కరగకుండా ద్రవంలో తిరిగే మిశ్రమాలు) పెట్టవచ్చు, సాల్ట్ కుదురుతుందో లేదో చూడవచ్చు, తేమ పీల్చే గుణం కొలవవచ్చు. మొదటి విషప్రభావ పరీక్షల బ్యాచ్ తయారయ్యే లోపు ఏ సాల్ట్ అన్నది, మనుషుల మీద మొదటి పరీక్ష లోపు ఏ పాలిమార్ఫ్ అన్నది తేలితే ఎంతో నయం. తర్వాత సంశ్లేషణ మార్గం మారినప్పుడు, శుద్ధత పెరిగినప్పుడు మళ్లీ వెతకండి. తొలి బ్యాచ్‌లలోని మలినాలు స్థిరమైన రూపం పుట్టకుండా అడ్డుపడతాయి. శుద్ధమైన బ్యాచ్ చేతికి వచ్చిన వారమే కొత్త రూపం బయటపడటం ఈ పనిలో మామూలు విషయం.

## వెతికే దశ

సాల్ట్ చేయాలా వద్దా అన్నది ఎలా తేల్చుకోవాలి?

ముందు పీకేఏ (ఆమ్ల క్షారాల బలాన్ని చెప్పే అంకె) చూడండి. మందుకూ, కలపబోయే ఆమ్లానికీ మధ్య పీకేఏ తేడా 3 దాటితే సాల్ట్ కుదురుతుందని ఆశ పెట్టుకోవచ్చు. మందు ఉన్నదున్నట్టుగానే తగినంత కరుగుతూ, మంచి స్ఫటికంగా ఉంటే సాల్ట్ జోలికి వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం. ఒక భాగస్వామి చేరితే దాని తలనొప్పులు కూడా వస్తాయి.

హైడ్రోక్లోరైడ్ అందరికీ తెలిసిన దారి. కడుపులో క్లోరైడ్ ముందే ఉంటుంది కాబట్టి కొన్ని హైడ్రోక్లోరైడ్‌లు అక్కడ అనుకున్నంత కరగవు. బలహీన క్షారాల సాల్ట్‌లు మాత్రలో కలిపే మెగ్నీషియం స్టియరేట్ వంటి ఇతర పదార్థాల పక్కన, తేమ తగిలినప్పుడు, తిరిగి విడిపోయి అసలు క్షారంగా మారిపోవచ్చు. మీథేన్ సల్ఫోనిక్ ఆమ్లం వాడితే ఆల్కహాల్‌లను దూరంగా ఉంచండి. రెండూ కలిస్తే జన్యువులకు హాని చేసే ఎస్టర్లు పుడతాయి. 2007లో రోష్ సంస్థ విరాసెప్ట్ అనే హెచ్‌ఐవీ మందును యూరప్‌లో వెనక్కి పిలిపించింది ఇథైల్ మెసిలేట్ కలుషితం వల్లనే. ఆమ్లం నిలవ చేసే ట్యాంకులో, శుభ్రం చేశాక మిగిలిపోయిన ఇథనాల్ దానికి మూలం.

పాలిమార్ఫ్ స్క్రీనింగుకు ఎన్ని ద్రావణులు సరిపోతాయి?

ఒక అంకె చెప్పలేను, వైవిధ్యం ముఖ్యం. ఆల్కహాల్‌లు మూడు నాలుగు పెట్టి ఐదో ఆల్కహాల్ చేర్చడం కంటే ఒక కీటోన్, ఒక ఎస్టర్, ఒక ఈథర్, టోల్యూన్, అసిటోనైట్రైల్, నీరు, నీటి మిశ్రమాలు పెట్టడం మంచిది. దారులు కూడా మార్చండి: మెల్లగా చల్లార్చడం, ఒక్కసారిగా చల్లార్చడం, ఆవిరి చేయడం, యాంటీసాల్వెంట్ (మందు కరగని ద్రవం) పోయడం, కరిగించి గడ్డకట్టించడం. వీటన్నిటిలో నేను ఎక్కువ నమ్మేది అమార్ఫస్ పొడిని తీసుకుని, రెండు వేర్వేరు ఉష్ణోగ్రతల్లో, రెండు మూడు వారాల పాటు స్లర్రీగా తిప్పడం. స్థిరమైన రూపం బద్ధకస్తురాలు, దానికి సమయం ఇవ్వాలి.

ఒకసారి మా ల్యాబులో, ఏ దారిలోనూ స్ఫటికం కాని ఒక సమ్మేళనం ఉండేది. సంక్రాంతికి ఊరు వెళ్లే హడావుడిలో ఒక సీసాను మూత వదులుగా పెట్టి షెల్ఫు మీద మరచిపోయాను. తిరిగి వచ్చి చూస్తే అడుగున జిగురులోంచి నాలుగైదు తెల్లని నక్షత్రాలు మొలిచి ఉన్నాయి. ఆ తర్వాతి బ్యాచ్‌లన్నిటికీ అవే బీజాలు, అంటే కొత్త స్ఫటికాలు పెరగడానికి ద్రావణంలో వేసే చిన్న స్ఫటికాలు. ఏ సీసానూ నేను ఇప్పుడు నెల తిరగకుండా పారేయను.

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్ కిరణాలతో స్ఫటికంలోని అమరికను చూపే పరీక్ష) గ్రాఫు మారింది. కొత్త రూపమేనా?

తొందరపడవద్దు. శిఖరాల స్థానాలు మారాయా, ఎత్తులు మాత్రమే మారాయా చూడండి. సూదులు, పలకల వంటి స్ఫటికాలు నమూనా పళ్లెంలో ఒకే వైపుకు పడుకుంటాయి. అప్పుడు రూపం అదే అయినా ఎత్తులు తారుమారవుతాయి. పొడిని మెల్లగా నూరి మళ్లీ తీయండి. అన్ని శిఖరాలూ ఒకే వైపు కొద్దిగా జరిగితే పళ్లెంలో పొడి మట్టం సరిగా లేదేమో చూడండి. నిజంగా కొత్త శిఖరాలు వచ్చి పాతవి పోతే అప్పుడు టీజీఏ (వేడి చేస్తే తగ్గే బరువు), డీఎస్‌సీ (వేడి చేస్తే పీల్చే, వదిలే ఉష్ణం), కార్ల్ ఫిషర్ (నీటి శాతం) పరీక్షలు చేసి నీరు, ద్రావణి ఉన్నాయేమో తేల్చుకోండి.

ఇందులో నాకు ఎంతో ఇష్టమైన పరీక్ష ఒకటుంది, ఖర్చు కూడా లేనిది. గాజు పలక మీద ఒక చుక్క సిలికాన్ నూనె వేసి, అందులో రెండు మూడు స్ఫటికాలు ఉంచి, వేడి చేసే మైక్రోస్కోపు కింద పెట్టండి. సాల్వేట్ లేదా హైడ్రేట్ అయితే కరగకముందే స్ఫటికం అంచుల నుంచి సన్నని బుడగలు వరుసగా బయలుదేరతాయి, స్పష్టంగా ఉన్న స్ఫటికం మసకబారుతుంది. ఒక్కసారి అది కళ్లతో చూస్తే డీఎస్‌సీలోని తొలి గుంట ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు.

రెండు రూపాలు దొరికాయి. ఏది స్థిరమైనదో ఎలా తెలుస్తుంది?

రెండింటినీ సమానంగా కలిపి, మందు కొంతవరకు కరిగే ద్రావణిలో స్లర్రీగా తిప్పండి. తక్కువ స్థిరమైనది కరుగుతూ పోతుంది, ఎక్కువ స్థిరమైనది పెరుగుతుంది. కొన్ని రోజుల తర్వాత అడుగున మిగిలినదే ఆ ఉష్ణోగ్రత దగ్గర స్థిరమైన రూపం. ఆ ద్రావణితో సాల్వేట్ ఏర్పడకుండా చూసుకోండి. 5, 25, 50 డిగ్రీల దగ్గర విడివిడిగా చేయాలి, ఎందుకంటే కొన్ని జంటల్లో ఒక ఉష్ణోగ్రత దాటగానే గెలిచే రూపం మారిపోతుంది. వాటిని ఎనాన్షియోట్రోపిక్ జంటలు అంటారు. ఎప్పుడూ ఒకటే గెలిస్తే మోనోట్రోపిక్. డీఎస్‌సీ నుంచి కూడా సూచన దొరుకుతుంది: ఎక్కువ ఉష్ణోగ్రతకు కరిగే రూపానికి ద్రవీభవన ఉష్ణం తక్కువగా ఉంటే అది ఎనాన్షియోట్రోపిక్ జంట అయ్యే అవకాశం ఎక్కువ. ఎక్కువ ఉష్ణోగ్రతకు కరిగేదే గది ఉష్ణోగ్రత దగ్గర కూడా స్థిరమైనదని అనుకోవడం తరచూ జరిగే పొరపాటు.

హైడ్రేట్ వచ్చింది. వదిలేయాలా?

ఎందుకు వదిలేయాలి? మామూలు గాలిలోని తేమ పరిధి అంతటా నీటి శాతం మారకుండా నిలిచే హైడ్రేట్ మంచి అభ్యర్థి. నీరు వస్తూ పోతూ ఉండేదే చిక్కు. తేమను మెట్లు మెట్లుగా పెంచి తగ్గించే డీవీఎస్ పరికరంలో ఇది ఒక రోజులో తేలుతుంది. ఎక్కడ తయారు చేస్తారో కూడా ఆలోచించండి. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం కిందికి పడిపోతుంది. విశాఖ దగ్గర పరవాడలో వానాకాలం రాత్రి అది 80 దాటుతుంది. రెండు చోట్లా ఒకే పొడి ఒకేలా ప్రవర్తించాలి.

నిర్జల రూపాన్ని ఎంచుకుంటే నీటిలో అది ఎంతసేపు నిలుస్తుందో చూడండి. కార్బమజెపైన్ నిర్జల రూపం నీటిలో పడితే డైహైడ్రేట్‌గా మారుతుంది, తేమ తగిలిన మాత్రలు గట్టిపడి సరిగా కరగవు. అది మూర్ఛవ్యాధికి వాడే మందు కాబట్టి ఆ తేడా రోగి మీదే పడుతుంది.

కోక్రిస్టల్ నిజంగా పనికి వస్తుందా, పరిశోధనా పత్రాలకే పరిమితమా?

పనికి వస్తుంది. సాల్ట్ చేయడానికి ఆమ్ల క్షార గుణం లేని అణువులకు అది ఉన్న కొద్ది దారుల్లో ఒకటి. 2015లో అమెరికాలో అనుమతి పొందిన గుండె మందు ఎంట్రెస్టోలో సాకుబిట్రిల్, వాల్సార్టన్ అనే రెండు మందులు సోడియంతో, నీటితో కలిసి ఒకే స్ఫటికంలో ఉంటాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 మార్గదర్శకం కోక్రిస్టల్‌ను కొత్త మందుగా కాక, పాలిమార్ఫ్ లాగా చూస్తుంది. అణువులు స్ఫటికంలో ఎలా చేతులు కలుపుతాయో ముందే ఊహించి నిర్మించే ఈ శాస్త్రానికి మన దగ్గర బలమైన పునాది ఉంది. గౌతమ్ దేశిరాజు 1979 నుంచి మూడు దశాబ్దాలు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఈ పనే చేశారు.

## ఎంపిక దశ

స్థిరమైన రూపం తక్కువగా కరుగుతోంది. ఎక్కువ కరిగే రూపాన్ని తీసుకుంటే తప్పా?

తప్పు కాదు, కానీ లాభం ఎంతో ముందు కొలవండి. పాలిమార్ఫ్‌ల మధ్య కరిగే తేడా చాలా వరకు రెండింతలు కూడా ఉండదు. ఆ కొద్దిపాటి లాభం కోసం ఎప్పుడైనా మారిపోయే రూపాన్ని నెత్తిన పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. పొడిని సన్నగా మర పట్టి చూడండి, తరచు అదే సరిపోతుంది.

తేడా నిజంగా రోగికి అందేంత పెద్దదైతే లెక్క వేరు. క్లోరాంఫెనికాల్ పామిటేట్ అనే యాంటీబయాటిక్‌లో ‘ఎ’ అని పిలిచే స్థిరమైన రూపం శరీరానికి సరిగా అందదు, ‘బి’ అని పిలిచే అస్థిరమైన రూపం అందుతుంది. అందుకే అమెరికా ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) ఆ సస్పెన్షన్‌లో ‘ఎ’ రూపం 10 శాతం మించకూడదని హద్దు పెట్టింది. అమార్ఫస్ రూపం పదుల రెట్లు ఎక్కువగా కరగవచ్చు, అయితే దానిని పాలిమర్‌లో బంధించి ఉంచాలి. రిటోనవిర్ మాత్ర చివరికి వచ్చింది కూడా కరిగించిన పాలిమర్‌లో మందును కలిపి తీసే పద్ధతిలోనే.

జంతువుల పరీక్షలు ఒక రూపంతో, మనుషుల పరీక్షలు ఇంకొక రూపంతో చేయవచ్చా?

చేయవచ్చు. రక్తంలోకి చేరే మందు మోతాదు రెండింటిలో పోల్చదగినట్టు ఉందని చూపే సమాచారం ఉండాలి. లేకపోతే జంతువుల్లో చూసిన భద్రత మనుషుల మోతాదుకు వర్తిస్తుందా అన్న ప్రశ్న మిగిలిపోతుంది.

## స్ఫటికీకరణ పద్ధతి తయారు చేసేటప్పుడు

చల్లారిస్తే నూనెలా దిగుతుంది, స్ఫటికం రావడం లేదు. ఏం చేయాలి?

ద్రావణం బాగా అతిసంతృప్తమై, స్ఫటిక కేంద్రకం పుట్టే లోపే మందు మొత్తంగా విడిపోయి ద్రవంగా దిగుతోంది. ఆ నూనె మలినాలను లోపలే పట్టుకుని గడ్డకడుతుంది, తర్వాత కడిగినా పోవు. గాఢత తగ్గించండి, చల్లార్చే వేగం తగ్గించండి, యాంటీసాల్వెంట్‌ను ధారగా కాక చుక్కలుగా పోయండి, నూనె దిగే ఉష్ణోగ్రతకు పైనే బీజాలు వేయండి. నీరు యాంటీసాల్వెంట్ అయితే దానికి బదులు హెప్టేన్ వంటిది పనికొస్తుందేమో చూడండి. మలినాలు ఎక్కువ ఉన్నప్పుడు ఎన్ని తంటాలు పడ్డా నూనె ఆగదు, అప్పుడు ఒక మెట్టు వెనక్కి వెళ్లి శుద్ధి చేయక తప్పదు.

బీజాలు ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి?

పాలలో తోడు వేయడం తెలిసిన వారికి ఇది తెలిసిన పనే. పాలు మరీ వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుంది, మరీ చల్లారితే తోడుకోదు. ఇక్కడ కూడా ద్రావణం సంతృప్త ఉష్ణోగ్రతకు పైన ఉంటే బీజాలు కరిగిపోతాయి, మరీ కిందికి దిగితే బీజాలతో పని లేకుండా ఎక్కడికక్కడ సన్నని స్ఫటికాలు తమంతట తామే పుట్టేస్తాయి. సంతృప్త ఉష్ణోగ్రతకూ, దానంతట అదే దిగే ఉష్ణోగ్రతకూ మధ్యలో వేయండి. బరువులో 0.5 నుంచి 5 శాతం మామూలు పరిధి. పొడిగా చల్లితే ఉండలు కట్టి తేలుతుంది, కొద్దిగా ద్రావణిలో కలిపి పోయడం మేలు. వేశాక గంటసేపు అదే ఉష్ణోగ్రత దగ్గర ఆగండి. ఆ తర్వాత మొదట నెమ్మదిగా, చివర్లో వేగంగా చల్లార్చండి. వెన్న కాచిన గిన్నెను పొయ్యి పక్కనే మెల్లగా చల్లారనిస్తే నెయ్యి పూస కడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టేస్తే ముద్దగా పేరుకుంటుంది. కారణం అదే.

ల్యాబులో సరైన రూపం వచ్చింది, రియాక్టరులో వేరే రూపం దిగింది. ఎందుకు?

చల్లబడటానికి ఫ్లాస్కుకు పట్టే నిమిషాలు రియాక్టరుకు గంటలు అవుతాయి. మధ్యలో ద్రావణం వెచ్చగా ఉన్నా జాకెట్టు (రియాక్టరును చల్లబరిచే బయటి పొర) గోడ దగ్గర బాగా చల్లగా ఉంటుంది, మొదటి స్ఫటికాలు అక్కడే పుడతాయి. కలియబెట్టే తీరు వేరు. ముడి పదార్థంలోని మలినాలు వేరు. ముందుగా పుట్టేది చాలాసార్లు తక్కువ స్థిరమైన రూపమేనని 1897లోనే ఆస్ట్‌వాల్డ్ గమనించాడు. ల్యాబులో మీకు తెలియకుండానే అది మారిపోయే వ్యవధి దొరికి ఉండవచ్చు, లేదా గాలిలో, గాజు మీద మిగిలిన పాత బీజాలు సాయపడి ఉండవచ్చు. కొత్త రియాక్టరులో ఆ సాయం ఉండదు. కావలసిన రూపం బీజాలు వేసి, వడపోతకు ముందు నమూనా తీసి ఎక్స్‌ఆర్‌డీ చూడండి. స్లర్రీ ఇంకా రియాక్టరులో ఉన్నప్పుడు తప్పును దిద్దుకోవచ్చు, కేకు (వడపోతలో మిగిలే తడి ముద్ద) అయ్యాక కష్టం.

సూదుల్లాంటి స్ఫటికాలు వస్తున్నాయి, వడపోత గంటల కొద్దీ సాగుతోంది. మార్గం ఏమిటి?

మొదట ద్రావణి మార్చి చూడండి. ఐబుప్రోఫెన్ హెక్సేన్ నుంచి సూదులుగా వస్తుంది, మిథనాల్ లేదా ఇథనాల్ నుంచి పొట్టిగా, గుండ్రదనానికి దగ్గరగా వస్తుంది. ద్రావణి మార్చే వీలు లేకపోతే అతిసంతృప్తత తగ్గించి, వేడి చేసి చల్లార్చే చక్రాలు రెండు మూడు తిప్పండి. సన్నవి కరిగి లావు వాటి మీద చేరతాయి. ప్లాంటులో కేకు మీద మదర్ లిక్కర్ (స్ఫటికాలు దిగాక మిగిలే ద్రావణం) నిలిచిపోయి, రాత్రి షిఫ్టు వాళ్లు తెల్లవారేదాకా నట్ష్ ఫిల్టర్ పక్కన నిలబడి ఉండటం నేను చూశాను. స్ఫటికం ఆకారం ల్యాబులోని వారికి ఫొటో మాత్రమే, అక్కడ అది మనుషుల నిద్ర.

ఆరబెట్టేటప్పుడు కూడా రూపం మారుతుందా?

మారుతుంది. హైడ్రేట్‌ను వాక్యూమ్‌లో ఎక్కువ సేపు ఉంచితే నీరు పోతుంది. సాల్వేట్ నుంచి ద్రావణి వెళ్లిపోతే కొత్త రూపమో, అమార్ఫసో మిగులుతుంది. మిగిలిన ద్రావణికి ఐసీహెచ్ అనే అంతర్జాతీయ మందుల ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దులు ఉన్నాయి (మిథనాల్‌కు 3000 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 3000, టోల్యూన్‌కు 890, డైక్లోరోమీథేన్‌కు 600). ఆ అంకెల కోసం వేడి పెంచుతూ పోయినప్పుడే రూపం జారిపోతుంది. తడి కేకుకూ, ఎండిన పొడికీ రెండింటికీ ఎక్స్‌ఆర్‌డీ తీయండి. మిల్లింగ్ తర్వాత కూడా ఒకసారి తీయండి.

ముందు సులువుగా వచ్చిన రూపం ఇప్పుడు ఎంత ప్రయత్నించినా రావడం లేదు. ఇది నిజంగా జరుగుతుందా?

జరుగుతుంది, మీ చేతుల్లో లోపం లేదు. ఇంకా స్థిరమైన రూపం ఒకసారి పుట్టాక దాని కంటికి కనిపించని బీజాలు ఆ గదిలో బట్టల మీద, గాజు మీద ఉంటాయి, పాత రూపాన్ని నిలవనివ్వవు. శుభ్రమైన వేరే ల్యాబులో పాత రూపం మళ్లీ దొరికే అవకాశం ఉంటుంది. కుంగుబాటుకు వాడే పారోక్సెటైన్ విషయంలో ఇది న్యాయస్థానం దాకా వెళ్లింది. జెనరిక్ సంస్థ పాత నిర్జల రూపాన్ని తయారు చేస్తామంటే, బీజాల వల్ల అందులో తమ పేటెంటు ఉన్న హెమీహైడ్రేట్ (రెండు మందు అణువులకు ఒక నీటి అణువు ఉండే హైడ్రేట్) ఏర్పడి తీరుతుందని మూల సంస్థ వాదించింది. 2005లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఆ హెమీహైడ్రేట్ పేటెంటు క్లెయిమే చెల్లదని తేల్చింది.

## పేటెంట్లు, మార్కెట్టు

కొత్త స్ఫటిక రూపం కనిపెడితే మన దేశంలో పేటెంటు వస్తుందా?

సులువుగా రాదు. 2005లో సవరించిన పేటెంట్ చట్టం సెక్షన్ 3(డి) ప్రకారం తెలిసిన పదార్థపు సాల్ట్‌లు, పాలిమార్ఫ్‌లు వంటివి, సామర్థ్యం గణనీయంగా పెరిగితే తప్ప, అదే పదార్థంగా లెక్క. ఇమాటినిబ్ మెసిలేట్ బీటా స్ఫటిక రూపం కోసం నోవార్టిస్ వేసిన కేసులో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మందు విషయంలో సామర్థ్యం అంటే చికిత్సా సామర్థ్యమేనని, పొడి బాగా జారడం, తేమ తక్కువ పీల్చడం, స్థిరంగా ఉండటం అందులోకి రావని చెప్పింది. మనం ల్యాబులో గొప్పగా చెప్పుకునే గుణాలు సరిగ్గా అవే. క్యాన్సర్ మందు ధర వేల కుటుంబాలను తాకే దేశంలో ఆ తీర్పు సరైనదేనని నేను నమ్ముతాను. ఇతర దేశాల్లో నియమాలు వేరు కాబట్టి, రూపం దొరికిన రోజే నోటుపుస్తకంలో తేదీతో సహా రాసుకోండి.

అన్ని పరీక్షలూ చేశాం. మార్కెట్టులోకి వెళ్లాక కూడా కొత్త రూపం వస్తుందా?

రావచ్చు. పార్కిన్సన్ వ్యాధికి వాడే రోటిగోటిన్ చర్మపు పట్టీలో అదే జరిగింది. ఎన్నో ఏళ్లుగా ఒకే రూపం తెలిసిన మందు అది. 2008లో పట్టీల మీద మంచు రేకుల్లాంటి స్ఫటికాలు కనిపించాయి, అది కొత్త, మరింత స్థిరమైన, తక్కువగా కరిగే రూపం. స్ఫటికంగా మారిన మందు చర్మంలోకి దిగదు. అమెరికాలో పట్టీలను వెనక్కి తీసుకున్నారు, యూరప్‌లో చల్లగా నిలవ చేసి పంపిణీ కొనసాగించారు. కొత్త ఫార్ములేషన్‌తో 2012లో అది మళ్లీ అమెరికా రోగులకు అందింది.